ఏసీని కాదమ్మా, గీజరును అనుమానించండి

ప్రశ్న: మేము విశాఖపట్నం అక్కయ్యపాలెంలో ఒక అపార్టుమెంటు మొదటి అంతస్తులో అద్దెకుంటున్నాం. గోడకు కన్నం పెట్టడానికి ఓనరు ఒప్పుకోలేదు. అందుకని స్ప్లిట్ ఏసీ మానేసి, చక్రాల మీద నడిచే పోర్టబుల్ ఏసీ కొన్నాం. మాకు ఐదు నెలల బాబు. ఏసీలోంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుందని, ఏసీ వేసుకుని పడుకున్నవాళ్లు తెల్లారేసరికి చనిపోయారని వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చింది. అది చూసిన దగ్గర్నుంచి మా అత్తగారు ఏసీ ఆపేయమని గొడవ. పొద్దున బాబుకు లాలపోసేది ఆవిడే. మా పడకగదికి ఆనుకుని ఉన్న బాత్‌రూములో గ్యాస్ గీజరు ఉంది. లాలపోశాక అదే గదిలో నిప్పుల మీద సాంబ్రాణి వేస్తారు. నాకు కొన్నాళ్లుగా పొద్దున్నే తలనొప్పి, కడుపులో తిప్పినట్టు ఉంటోంది. బాల్కనీలోకి వెళ్తే తగ్గుతుంది. ఏసీ గొట్టం కిటికీ గ్రిల్లులోంచి సరిగ్గా పట్టడం లేదు, బాత్‌రూములోకి పెట్టేద్దాం అంటున్నాడు మా మరిది. కరెంటు పోయినప్పటికి చిన్న పెట్రోలు జనరేటరు కొని బాల్కనీలో పెడదామంటున్నారు మావారు. ఇంతకీ ఏసీ తిరిగి ఇచ్చేయమంటారా?

జవాబు: ఇచ్చేయక్కర్లేదమ్మా. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టనిది ఆ ఏసీ ఒక్కటే. మిగతావన్నీ భయపెట్టాయి. బాత్‌రూములో గ్యాస్ గీజరు, తలుపులు వేసిన గదిలో నిప్పులు, బాల్కనీలో జనరేటరు, వీటన్నిటినీ మించి గొట్టాన్ని బాత్‌రూములోకి పెట్టాలన్న ఆలోచన. వివరం తర్వాత చెబుతాను. ముందు ఒక పని చేయండి. రేపటి నుంచి బాబు నీళ్లు వంటింట్లో పొయ్యి మీద కాచుకోండి. గీజరు వాడకండి, దాని సిలిండరు రెగ్యులేటరు కట్టేయండి. మీ తలనొప్పికి గీజరే కారణమని ఇక్కడ కూర్చుని నేను తేల్చలేను. కానీ పొద్దున్నే రావడం, బయటి గాలి తగిలితే తగ్గడం, ఈ రెండూ కలిశాయంటే ఆ ఇంట్లో మంట ఎక్కడ మండుతోందో ముందు చూడాలి.

ఏసీలో మంట లేదు. కార్బన్ మోనాక్సైడ్ పుట్టాలంటే ఏదో ఒకటి కాలాలి. గ్యాసో, పెట్రోలో, బొగ్గో, కట్టెలో, చివరికి పరుపులో దూదైనా సరే. కాలేదానికి చాలినంత గాలి అందకపోతే అది అరకొరగా కాలి ఈ వాయువును వదులుతుంది. ఏసీ కరెంటుతో కంప్రెసరును తిప్పి, గదిలో వేడిని గొట్టంలోంచి బయటికి తోస్తుంది, అంతే. దానిలో తిరిగే గ్యాసు, ఆర్-32 గానీ ఆర్-410ఏ గానీ ఆర్-290 గానీ, లీకైతే అది వేరే తంటా. ఆర్-290 అంటే అచ్చంగా ప్రొపేన్, అంటుకునే గుణం ఉంది కాబట్టి లీకు అనుమానం ఉంటే మెకానిక్కును పిలవాల్సిందే. అయితే ఏది లీకైనా వచ్చేది కార్బన్ మోనాక్సైడ్ కాదు. ఏసీలోంచి ఆ విషం నిజంగా వచ్చే సందర్భం ఒకటుంది, ఏసీ అంటుకుని కాలినప్పుడు. ఒక టన్ను పోర్టబుల్ ఏసీ ఇస్త్రీపెట్టె లాగినంత కరెంటు లాగుతుంది, అదీ గంటల తరబడి. కాబట్టి టీవీ వెనక ఉండే తెల్ల ఎక్స్‌టెన్షన్ బాక్సుకు దాన్ని తగిలించకండి. 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గుకు నేరుగా పెట్టండి. అరగంట నడిచాక ప్లగ్గు మీద చెయ్యి వేసి చూడండి. చుర్రుమంటే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

మరి ఆ మెసేజ్ ఎక్కడిది? పూర్తిగా గాల్లోంచి పుట్టింది కాదు. కారులో ఇంజను ఆన్‌లో ఉంచి, అద్దాలు బిగించి, ఏసీ వేసుకుని పడుకుని చనిపోయినవాళ్ల వార్తలు ఏటా వస్తూనే ఉంటాయి. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆపిన క్యారవాన్‌లో ఇద్దరు చనిపోయారు. ఏసీ కోసం వేసిన జనరేటరు పొగ లోపలికి చేరింది. 2020 జనవరిలో నేపాల్‌లోని దామన్‌లో ఒక రిసార్టు గదిలో ఎనిమిది మంది కేరళ పర్యాటకులు పోయారు. అక్కడ ఏసీ ప్రసక్తే లేదు, చలికి గ్యాస్ హీటరు పెట్టుకుని తలుపులు మూసుకున్నారు. 2023 మార్చిలో ఢిల్లీ శాస్త్రి పార్కులో దోమల చుట్ట పరుపు మీద పడి, మూసిన ఇంట్లో ఒకే కుటుంబంలో ఆరుగురు ఊపిరాడక చనిపోయారు. అన్నిట్లోనూ ఒక మంట ఉంది, మూసిన తలుపులున్నాయి. మెసేజ్ రాసినవాడు మంటను వదిలేసి ఏసీని పట్టుకున్నాడు. కొందరైతే మనం ఊపిరి వదిలినప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను, దీన్ని ఒకటే అనుకుంటారు. నలుగురు పడుకున్న స్ప్లిట్ ఏసీ గదిలో పొద్దుటికి తల దిమ్ముగా ఉండడం ఆ డయాక్సైడ్ పని. కిటికీ తీస్తే పోతుంది. ప్రాణం మీదికి తెచ్చేది మోనాక్సైడ్.

ఇప్పుడు మీ ఏసీ సంగతి. అది విషం పుట్టించదు సరే. కానీ పక్కన ఎక్కడైనా పుడితే దాన్ని గదిలోకి లాక్కొస్తుంది. స్ప్లిట్ ఏసీకి లేని గుణం ఇది. వెనక ఒకే గొట్టం ఉండే పోర్టబుల్ ఏసీ, గదిలో గాలినే పీల్చి, దానితోనే తన వేడి కాయిల్‌ను చల్లార్చుకుని, ఆ గాలిని గొట్టంలోంచి కిటికీ బయటికి ఊదేస్తుంది. అలా గంటకు రెండు మూడు వందల ఘనపు మీటర్ల గాలి పోతుంది. పది పన్నెండు అడుగుల గది, పదడుగుల కప్పు అనుకుంటే లోపల ఉండేదే 34 ఘనపు మీటర్లు. అంటే గదిలో గాలి మొత్తం గంటకు అరడజను సార్లు బయటికి పోతోందన్నమాట. పోయినంత గాలీ ఎక్కడి నుంచో లోపలికి రావాలి కదా. కిటికీలు బిగించేశారు కాబట్టి హాలు తలుపు కింది సందులోంచి, స్విచ్ బోర్డు పైపుల్లోంచి, మీ ఇంట్లో అయితే బాత్‌రూము తలుపు కింద నుంచి వస్తుంది. విశాఖ ఉక్కపోతలో ఒంటిగొట్టం ఏసీ ఎంత తిప్పినా గది జిడ్డుగానే ఉంటుందని జనం విసుక్కునేదీ ఇందుకే. బయటి తేమ గాలి సందుల్లోంచి నిమిషం ఆగకుండా లోపలికి దూరుతూ ఉంటుంది.

దీన్ని కళ్లతో చూడాలంటే ఒక అగరొత్తి చాలు. గీజరు ఆపి, గది కిటికీలన్నీ మూసి, ఏసీ ఫ్యాను పెద్ద స్పీడులో పెట్టండి. బాత్‌రూములో కిటికీ ఉంటే దాన్ని తెరిచి, తలుపు దగ్గరికి వేయండి. ఇప్పుడు గదిలో తలుపు ముందు కూర్చుని, నేలకు జానెడు ఎత్తులో సందు దగ్గర అగరొత్తి పట్టుకోండి. సీలింగ్ ఫ్యాను ఆపడం మరిచిపోకండి, లేకపోతే ఏమీ తెలియదు. పొగ నిటారుగా లేవకుండా, తలుపు వైపు నుంచి మీ వైపు పడుకుని గదిలోకి పారుతుంటే బాత్‌రూములో గాలి మీ పడకగదిలోకి వస్తున్నట్టు. తర్వాత వీధి వైపు కిటికీ రెండు వేళ్ల సందు తీసి మళ్లీ పట్టుకోండి. పొగ కాస్త నిటారుగా నిలబడితే ఏసీకి కావలసిన గాలిలో చాలా భాగం ఇప్పుడు వీధి నుంచి వస్తోందని అర్థం. హాలు తలుపు దగ్గర, వంటింటి వైపు సందు దగ్గర కూడా ఇలాగే చూడండి. మీ అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. వాట్సాప్ మెసేజ్ కంటే కళ్ల ముందు పొగనే ఆవిడ నమ్ముతారు.

గీజరు గురించి నా మాట కాస్త కటువుగానే ఉంటుంది. బాత్‌రూము లోపల గ్యాస్ గీజరు ఉండకూడదు, ఏ కంపెనీదైనా సరే, ఎంత కొత్తదైనా సరే. ఈ చిన్న గోడ గీజర్లలో మంట వంటింటి పెద్ద బర్నరుకు మూడు రెట్లకు పైనే ఉంటుంది. ఒక వంతు ఎల్పీజీ పూర్తిగా కాలడానికి పాతిక ముప్పై వంతుల గాలి కావాలి. మన అపార్టుమెంటు బాత్‌రూము అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు. పసిబిడ్డకు గాలి తగలకూడదని తలుపు, వెంటిలేటరు మూసి లాలపోస్తారు, అది మన అలవాటు. మొదటి నిమిషాల్లో మంట బాగానే కాలుతుంది. గాలి తగ్గేకొద్దీ అరకొరగా కాలడం మొదలుపెడుతుంది. కార్బన్ మోనాక్సైడ్ ఊపందుకునేది అప్పుడే. స్నానం చేస్తూ ఫిట్స్ వచ్చినట్టు పడిపోయిన కొందరి విషయంలో అసలు కారణం గ్యాస్ గీజరేనని మన దేశపు న్యూరాలజిస్టులు వైద్య పత్రికల్లో రాశారు. బకెట్లు, కుళాయిలు, తడి నేల ఉన్నచోట తల తిరిగి పడితే విషం కంటే ముందు దెబ్బ తగులుతుంది.

మీ ఇంట్లో దానికి ఏసీ కూడా తోడైంది. అత్తగారు బాబును తీసుకుని బాత్‌రూములో ఉన్న ఆ పావుగంటా ఇవతల మీ గదిలో ఏసీ తిరుగుతూ ఉంటే, గీజరు వదిలింది తలుపు కింద నుంచి మీ గదిలోకి చేరుతుంది. మంచం మీద కళ్లు మూసుకుని ఉన్న మీకు ఏమీ తెలియదు. తలనొప్పి ఏ రోజుల్లో వచ్చింది, ఆ రోజు గీజరు ఎంతసేపు వాడారు, ఏసీ నడుస్తోందా అని ఒకసారి గుర్తు తెచ్చుకుని కాగితం మీద రాసుకోండి. డాక్టరుగారికి చెప్పడానికి పనికొస్తుంది. బాబు ఆ రోజుల్లో మామూలుగా ఉన్నాడా, పాలు తాగకుండా మగతగా ఉన్నాడా అన్నది కూడా రాయండి. పసిపిల్లలు మనకంటే వేగంగా ఊపిరి తీస్తారు. అదే గాలిలో వాళ్ల ఒంట్లోకి త్వరగా ఎక్కుతుంది.

ఓనరుతో మాట్లాడి కరెంటు గీజరు పెట్టించుకోవడం అన్నిటికంటే మంచిది. అది కుదరకపోతే గ్యాస్ గీజరునే బాత్‌రూము అవతల, గాలి బాగా ఆడే వాష్ ఏరియా గోడకు మార్పించండి. లోపలికి వేడినీళ్ల పైపు ఒక్కటి వస్తే చాలు. ఎగ్జాస్ట్ ఫ్యాను పెడితే సరిపోదా అంటారేమో. అదీ ఏసీ లాగే గాలిని బయటికి లాగే యంత్రమే. బయటి గాలి లోపలికి వచ్చే దారి లేకుండా ఫ్యాను పెడితే మంట ఇంకా ఇబ్బంది పడుతుంది.

గొట్టం బాత్‌రూములోకి పెట్టడం ఎందుకు అన్నిటికంటే చెడ్డదో ఇప్పుడు మీకే తెలిసి ఉంటుంది. గదిలో గాలి గొట్టంలోంచి బాత్‌రూములోకి, బాత్‌రూములో గాలి తలుపు సందులోంచి గదిలోకి, అలా గిరగిరా తిరుగుతూ ఉంటుంది. గీజరు వెలిగిందంటే దాని విషం ఏసీ ఊదిన గాలితో పాటు నేరుగా మీ మంచం దగ్గరికి వస్తుంది. గీజరు లేకపోయినా లాభం లేదు, గొట్టంలోంచి వచ్చిన వేడి మళ్లీ గదిలోకే వస్తుంది, కరెంటు బిల్లు తప్ప ఏమీ మిగలదు. మరిదిని కోప్పడకండి. గ్రిల్లు కిటికీలున్న ఇళ్లలో సగం మంది ఏసీ మెకానిక్కులే ఈ సలహా ఇస్తారు. మీరు చేయాల్సింది ఇది: కిటికీ అద్దం రెక్క ఒకటి తీయించి, ఆ కొలతకు ప్లైవుడ్ గానీ అక్రిలిక్ షీటు గానీ కోయించి, గొట్టం మూతి పట్టేంత గుండ్రటి కన్నం పెట్టించండి. గ్రిల్లు ఊచలకు లోపలి వైపే ఇది కూర్చుంటుంది కాబట్టి గ్రిల్లు తీయక్కర్లేదు, ఓనరు గోడా చెడదు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అద్దం మళ్లీ బిగించేయొచ్చు. గొట్టం పొట్టిగా, వంపులు లేకుండా ఉండాలి. దానికి ఇంకో గొట్టం అతికి పొడవు పెంచకండి.

ఇక సాంబ్రాణి. ఇక్కడ మీ పరిస్థితి నాకు తెలుసు. బిడ్డకు లాలపోసి, తల తుడిచి, బుట్ట కింద సాంబ్రాణి పొగ పెట్టకపోతే ఆ అత్తగారికి లాలపోసినట్టే ఉండదు. కానీ ఎర్రగా కణకణలాడే బొగ్గులు కార్బన్ మోనాక్సైడ్‌కు పుట్టిల్లు. పొగ రావడం ఆగి నిప్పులు నిలకడగా ఉన్నప్పుడు ప్రమాదం పోయిందనుకుంటాం. నిజానికి కంటికి పొగ కనబడకపోయినా ఆ వాయువు వస్తూనే ఉంటుంది. చలికాలంలో లంబసింగి, అరకు వెళ్లినవాళ్లు గదిలోకి నిప్పుల కుంపటి తెచ్చుకుని పడుకోవడం కూడా ఇలాంటిదే, అందుకే ఆ పని చేయొద్దని ప్రతి శీతాకాలం చెబుతుంటాను. ఏసీ గదిలో, తలుపులు వేసి, అయిదు నెలల బిడ్డ ముక్కు దగ్గర ఆ నిప్పులు పెట్టడం వెంటనే మానేయాలి. సాంబ్రాణి పొగ పసివాళ్ల ఊపిరితిత్తులకు ఎలాగూ మంచిది కాదని ఏ పిల్లల డాక్టరునడిగినా చెబుతారు. ఆవిడ మనసు కష్టపెట్టుకుంటారనుకుంటే, ఆ నిప్పుల పళ్లెం బాల్కనీలో పెట్టి దేవుడి పేరు చెప్పి వేయమనండి, బాబు మాత్రం లోపల ఉంటాడు. “మీరు భయపడింది సరైన వాయువుకేనండీ, అది వచ్చేది ఇందులోంచి” అని మీవారి చేత చెప్పిస్తే ఇంకా మంచిది. కోడలు చెప్పడం కంటే కొడుకు చెప్పడం తేలిక.

బాల్కనీలో పెట్రోలు జనరేటరు గురించి ఎక్కువ రాయను, ఆ ఆలోచన వదిలేయమనండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చాక రోజుల తరబడి కరెంటు లేని విశాఖను చూసినవాళ్లకు జనరేటరు మీద మమకారం ఉంటుంది, కాదనను. కానీ అది ఇంటి కిటికీలకు, తలుపులకు కనీసం ఇరవై అడుగుల దూరంలో, ఆరుబయట ఉండాల్సిన యంత్రం. బాల్కనీ అంటే పడకగదికి ఒక తలుపు దూరం. పైగా లోపల మీ ఏసీ గాలిని లాగుతూ ఉంటుంది. కరెంటు పోయినప్పుడు ఫ్యాను, లైటుకు ఇన్వర్టరు చాలు, అందులో మంట లేదు.

మీది మొదటి అంతస్తు అన్నారు కాబట్టి ఇంకొకటి చూసుకోండి. మీ అపార్టుమెంటుకు లిఫ్టు కోసం డీజిల్ జనరేటరు ఉంటే, దాని పొగగొట్టం ఎక్కడ తెరుచుకుంటోంది? కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క ప్రకారం ఆ గొట్టం భవనం ఎత్తును దాటి పైకి వెళ్లాలి. 25 కేవీఏ జనరేటరయితే డాబా మీద నుంచి ఇంకో మీటరు. చాలా చోట్ల సెల్లార్ పక్క గోడ దగ్గరే వదిలేస్తారు. మీ కిటికీ దాని పైన ఉంటే, జనరేటరు నడిచినంతసేపూ ఆ వైపు కిటికీ మూసే ఉంచి, అసోసియేషన్ వాళ్లతో మాట్లాడి గొట్టం పైకి పెట్టించండి. ఏసీ కోసం సందు తీయమన్నది కూడా ఆ వైపు కిటికీ కాకూడదు.

2020 మే 7 తెల్లవారుజామున ఆర్ ఆర్ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకవడం మన ఊళ్లో ఎవరూ మరిచిపోలేదు. గ్యాస్ అనగానే మనకు ఘాటు, కళ్లమంట, పరుగులు గుర్తొస్తాయి. ఆ స్టైరీన్‌కు వాసన ఉంది. వంటగ్యాసుకు కంపెనీలు కావాలనే వాసన కలుపుతాయి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు, గొంతు మండదు, దగ్గు రాదు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, నీరసం, తల తిరగడం, మాట తడబడడం, ఆ తర్వాత స్పృహ తప్పడం. జ్వరం మాత్రం ఉండదు. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి ఇవి వచ్చాయంటే, తిన్నదేదో పడలేదనుకుని మాత్ర వేసుకుని పడుకోకూడదు. తలుపులు, కిటికీలు తీసి బిడ్డతో సహా అందరూ బయటికి వచ్చేయండి. దారిలో అందితే గ్యాసు కట్టేయండి, అందకపోతే దాని కోసం ఆగకండి. బయటికొచ్చాక 108కి ఫోన్ చేయండి.

కోవిడ్ రోజుల నుంచి చాలా ఇళ్లలో వేలికి పెట్టుకునే పల్స్ ఆక్సిమీటరు ఉంది. ఈ విషయంలో దాన్ని నమ్మొద్దు. మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా అది ఆక్సిజన్ ఉన్న రక్తమనే అనుకుని 98, 99 చూపిస్తుంది. ఆసుపత్రిలో, కేజీహెచ్ క్యాజువాలిటీ అయినా మీ దగ్గరి నర్సింగ్ హోమ్ అయినా, “గ్యాస్ గీజరు ఉన్న ఇంటి నుంచి వచ్చాం, కార్బన్ మోనాక్సైడ్ అనుమానం” అని మొదటి మాటగా చెప్పండి. ఆ మాట చెప్పకపోతే వాళ్లకు తట్టకపోవచ్చు. కార్బాక్సీ హిమోగ్లోబిన్ అనే రక్తపరీక్షలో అది తేలుతుంది. మామూలు గాలి పీలుస్తుంటే ఒంట్లో ఉన్నదాంట్లో సగం పోవడానికి నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కుతో పూర్తి ఆక్సిజన్ పెడితే గంట, గంటన్నరలో సగం పోతుంది. అందుకే ఇంటి దగ్గర మజ్జిగ తాగించి పడుకోబెట్టడం వైద్యం కాదు. రక్తపరీక్ష ఆలస్యమైతే ఆ లోపు మోతాదు తగ్గిపోయి రిపోర్టులో ఏమీ కనబడకపోవచ్చు.

ఒక అలారం కొనుక్కోండి, ఆన్‌లైన్లో దొరుకుతాయి. కానీ జాగ్రత్త. గ్యాస్ లీక్ డిటెక్టరు అని మన దుకాణాల్లో ఇచ్చేవి చాలావరకు వంటగ్యాసుకు పనికొచ్చేవి, మోనాక్సైడ్‌ను పసిగట్టవు. డబ్బా మీద కార్బన్ మోనాక్సైడ్ అని స్పష్టంగా ఉండాలి, ఈఎన్ 50291 అని గానీ యూఎల్ 2034 అని గానీ భద్రతా ప్రమాణపు ముద్ర ఉండాలి. వంటగ్యాసు గాలి కంటే బరువు, నేలను పట్టుకుని పాకుతుంది, కాబట్టి దాని డిటెక్టరు కిందే ఉండాలి. మోనాక్సైడ్ గాలిలో గాలిలా కలిసిపోతుంది. దీని అలారం పడకగదిలో, మంచం మీద పడుకున్నవాళ్ల ముక్కు ఎత్తుకు కాస్త పైన పెట్టండి. కర్టెన్ వెనక, ఏసీ గాలి నేరుగా తగిలేచోట, బాత్‌రూము ఆవిరిలో వద్దు. ఇన్వర్టరు బ్యాటరీ పక్కన అసలే వద్దు. ఛార్జింగ్‌లో బ్యాటరీ వదిలే హైడ్రోజన్‌ను కూడా కొన్ని అలారాలు మోనాక్సైడ్ అనుకుని మోగుతాయి. అలా రెండుసార్లు ఉత్తినే మోగితే ఇంట్లోవాళ్లు దాని బ్యాటరీ పీకి పారేస్తారు, అసలు ప్రమాదం అది.

అలారం మోగలేదు కాబట్టి గాలి శుభ్రంగా ఉందనీ అనుకోవద్దు. ఈఎన్ ముద్ర ఉన్న అలారం 50 పీపీఎం దగ్గర గంట దాటాకే మోగుతుంది, 30 దగ్గర రెండు గంటల లోపు మోగనే మోగదు. పీపీఎం అంటే పది లక్షల వంతుల గాలిలో అన్ని వంతులు. 300 దాటితే మూడు నిమిషాల లోపు మోగుతుంది. ఒక్కసారిగా ప్రాణం తీసే మోతాదు నుంచి కాపాడడానికి తయారైనది అది. మీలాగా రోజూ కొంచెం కొంచెం తలనొప్పి తెచ్చే మోతాదును అది పట్టించుకోకపోవచ్చు. కాబట్టి అలారం తెచ్చుకున్నా గీజరు ఆ బాత్‌రూములో ఉండకూడదు.

వంటింటి పొయ్యి గురించి మీరు అడగలేదు, అయినా ఒక్క మాట. మంట నీలంగా ఉండి, గాలి ఆడుతున్నంతవరకు భయం తక్కువ. పచ్చగా ఊగుతూ, గిన్నెల అడుగున మసి పడుతుంటే బర్నరు కన్నాలు సూదితో శుభ్రం చేయించండి. వంట జరుగుతున్నప్పుడు వంటింటి కిటికీ తెరిచి ఉంచండి, ఏసీ గది తలుపు మూసి ఉంచండి. రాత్రి దోమల చుట్ట ఏసీ గదిలో వెలిగించొద్దు. బాబుకు దోమతెర కట్టండి.

గీజరు ఆపాక ఏం జరుగుతుందో చూస్తూ కూర్చోకుండా ఈ వారంలోనే డాక్టరుగారి దగ్గరికి వెళ్లండి. కాన్పయి అయిదు నెలలే అయింది, రాత్రిళ్లు నిద్ర ఉండదు. రక్తం తక్కువైనా, బీపీ పెరిగినా తలనొప్పి వస్తుంది. మీరు రాసుకున్న కాగితం తీసుకెళ్లి, బీపీ, హిమోగ్లోబిన్ చూపించుకోండి. గీజరు, సాంబ్రాణి రెండూ ఆపాక కూడా పొద్దుటి తలనొప్పి అలాగే ఉంటే ఆ సంగతి కూడా డాక్టరుగారికి చెప్పండి, అప్పుడు వెతకాల్సింది వేరేచోట.